ముగ్గుతో గీసిన తల్లిగారిల్లు

మా ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే. "మేడం, ఇందులో స్కోప్ ఉందా?" స్కోప్ సంగతి నాకు తెలియదు గానీ చాయ్ మాత్రం పుష్కలంగా దొరుకుతుంది. పాత ఇల్లు చూస్తామని ఎవరి వాకిట్లో నిలబడినా ముందు చాయ్ వస్తుంది, తరువాత అనుమానం వస్తుంది, ఆఖరున లోపలికి పిలుపు వస్తుంది. అనుమానం ముందు వచ్చి చాయ్ వెనక వచ్చిందంటే ఆ ఇంట్లో అన్నదమ్ముల వాటాల పంచాయితీ నడుస్తోందని అర్థం. అలాంటి చోట చాయ్ తాగి నమస్కారం పెట్టి వచ్చేయడమే మంచిది.

నేను కాలేజీలో చెప్పింది భవన నిర్మాణ చరిత్ర. చివరి కొన్నేళ్లు ఒక చిన్న మ్యూజియం చూసుకున్నాను. ఈమధ్యే రిటైరయ్యాను. నాకు ప్రమోషన్ ఎందుకు ఆలస్యమైందో, ఎవరు అడ్డుపడ్డారో మా కాలేజీ క్యాంటీన్‌లో ఇప్పటికీ నాకంటే బాగా చెబుతారు కాబట్టి అవన్నీ వదిలేస్తున్నాను. మీకు పనికొస్తాయనిపించిన రెండు మూడు సంగతులే రాస్తాను.

అవ్వ పెట్టిన పరీక్ష

మాది నిజామాబాద్ టౌనే. మా అవ్వ, అంటే అమ్మ, బీడీలు చుట్టి నన్ను చదివించింది. హైదరాబాద్‌లో పెద్ద చదువు ముగించుకుని వచ్చి, ఇంటికి దగ్గరలోనే ఆర్కిటెక్చర్ కాలేజీలో ఉద్యోగం దొరికిందని చెబితే, ఒళ్లో చాట పెట్టుకుని ఆకు కత్తిరిస్తూనే అడిగింది.

"ఇండ్లు కట్టుడు నేర్పుతవా?"

"కాదవ్వా. ఎన్కట కట్టిన ఇండ్ల గురించి చెప్త."

"కట్టినంక చెప్పుడేంది? కట్టకముందు చెప్తె జెర్ర పనికస్తుండె గద."

నేను చదివిన చదువంతా ఏకరువు పెట్టాను. అంతా విని, "జీతం ఇస్తరు గద, ఇగ ఏదన్న చెప్పు" అని మళ్లీ ఆకు మీద పడింది. తరువాత ఎన్ని ఇంటర్వ్యూ బోర్డుల ముందు కూర్చున్నా ఇంత గట్టి ప్రశ్న ఎవరూ వేయలేదు.

చుట్టాలకైతే నా చదువు ఇంకో రకంగా అర్థమైంది. ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు పక్కకు పిలిచి, వంటిల్లు ఏ మూలన పెడితే కలిసొస్తుందో చెప్పమనేవారు. నాకు తెలియదంటే, తెలిసీ చెప్పడం లేదని అలిగేవారు. మొదట్లో ఓపికగా వివరించేదాన్ని. తరువాత్తరువాత ఏదో ఒక మూల చూపించి భోజనానికి వెళ్లిపోయేదాన్ని.

మూడు గోడల శైలి

మా డిపార్ట్‌మెంట్ హెడ్‌ను అందరం పెద్ద సార్ అనేవాళ్లం. ఆయనకు రాయి అంటే ప్రాణం. భీమ్‌గల్ దగ్గర లింబాద్రి గుట్ట మీది గుడికి పిల్లలను తీసుకువెళితే ఒక్క స్తంభం ముందే పూటంతా గడిపించేవారు. "చూశారా?" అనేవారు. "చూశాం సార్" అంటే "అయితే మళ్లీ చూడండి" అనేవారు. చూడడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఈ మాట ముందే రాసిపెట్టుకుంటున్నాను, ఎందుకంటే కింద రాయబోయేది చదివితే ఆయనకు కోపం రావడం ఖాయం.

రాతి మీద ఎంత ప్రేమో మట్టి మీద అంత చిన్నచూపు ఆయనకు. మట్టి గోడలు ఆయన లెక్కలో గోడలే కావు. మామూలు మనుషుల ఇళ్లు కూడా చరిత్రే సార్ అని నేను నస పెట్టగా పెట్టగా, చివరికి ఒకసారి పోచంపాడ్ జలాశయం ఒడ్డున ఉన్న ఒక ఊరికి వచ్చారు. చేపలు పట్టేవాళ్లు, పసుపు పండించేవాళ్లు ఉండే ఊరు అది. అంతకుముందు ఏడాది మా పిల్లలు అక్కడ ఇళ్లన్నీ కొలిచి బొమ్మలు గీసి వచ్చారు.

సార్ జీపు దిగీ దిగగానే ఆగిపోయారు. వరుసగా చాలా ఇళ్ల ముందు, అరుగును ఆనుకుని, మూడు మట్టి గోడల చిన్న కట్టడం ఉంది. పైకప్పు లేదు. నాలుగో వైపు తెరిచే ఉంది. సార్ ముఖం వెలిగిపోయింది. ఇలాంటి ముంగిలి దక్కనులో ఇంకెక్కడా లేదన్నారు.

"పోయినేడు పిల్లలు గీసిన బొమ్మల్లో ఇవి లేవు సార్" అన్నాను.

"పిల్లలకు చూడడం రాదమ్మా."

గోడ మీద చేయి వేసి చూశాను. మట్టి ఇంకా చల్లగా ఉంది. ఆ మాటా చెప్పాను.

"నది గాలి" అన్నారు.

సార్ ఆ ముంగిలి మీద పెద్ద వ్యాసం రాసి హైదరాబాద్‌లో ఒక సభలో చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇద్దరు పెద్దమనుషులు ఆ శైలిని కళ్లారా చూస్తామని బయలుదేరి వచ్చారు. వాళ్లను వెంటబెట్టుకుని మళ్లీ ఆ ఊరే వెళ్లాం. సాయన్న అనే రైతు ఇంటి ముందు నిలబడి సార్ వివరిస్తున్నారు. సాయన్న తువ్వాల భుజాన వేసుకుని శ్రద్ధగా విన్నాడు. చివర్లో, ఈ నాలుగో వైపు తెరిచి ఉంచడంలో మీ పెద్దల ఉద్దేశం ఏమిటని సార్ అతన్నే అడిగారు.

"పెద్దలెక్కడియ్యి సార్, నేనే కట్టిన" అన్నాడు సాయన్న. "మీ పిలగాండ్లు టేపులు వట్టుకొని ఇల్లిల్లు కొల్సుకపోయిండ్రు గద. మళ్ల నీళ్లు ముంగటికి అస్తయేమో, ఈ ఇండ్లు గూడ వోతయేమో అనుకున్నం. ఇంటికి ఒక అర్ర ఎక్కువుంటె నష్టపరిహారం లెక్కల ఎక్కువ రాసుకుంటరని తలా ఒకటి లేపినం."

"మరి నాలుగో గోడ?"

"అది కట్టేలోపల్నే మీరు మళ్లచ్చిండ్రు."

తిరుగు ప్రయాణంలో జీపు ఆర్మూర్ దాటాక సార్ నెమ్మదిగా నా వైపు తిరిగి, "ఆగిపోవడం కూడా ఒక శైలేనమ్మా" అన్నారు. నవ్వాపుకోలేక కిటికీలోంచి పసుపు చేన్లు చూస్తూ కూర్చున్నాను.

నవ్వు తగ్గాక మాత్రం నాకు దిగులేసింది. మనం టేపును కొలిచే వస్తువు అనుకుంటాం. ముంపు చూసిన ఊళ్లలో టేపు ఒక కబురు. ఇల్లు పోతుందన్న కబురు. ఈ జిల్లాలో పని చేసే పిల్లలు ముందుగా తెలుసుకోవలసింది ఇదే. ఇది ఏ సిలబస్‌లోనూ లేదు.

పటేల్ సాబ్ కొట్టు

మ్యూజియం నాకు దక్కడం నా గొప్పతనమేమీ కాదు. టౌన్‌లో కొందరు డాక్టర్లు, వ్యాపారులు కలిసి ఒక పాత బంగళాలో దాన్ని పెట్టారు. చూసుకోవడానికి ఎవరూ దొరక్క, కాలేజీ వాళ్లను అడిగితే, క్లాసులో ఎక్కువ ప్రశ్నలు వేస్తుందని నన్ను పంపారు.

దాని చైర్మన్ బోధన్ వైపు చెరకు రైతు. అందరూ పటేల్ సాబ్ అనేవారు. చేతికి ఎముక లేని మనిషి, మనసు పసిపిల్లవాడిది. ఆయన దృష్టిలో మ్యూజియం అంటే కిరాణా కొట్టు. అరలు నిండుగా ఉండాలి. సోమవారం వచ్చినప్పుడల్లా సంచిలో ఏదో ఒకటి తెచ్చేవారు.

"మేడం, గిది మూడొందల ఏండ్లది."

కత్తి తెస్తే మూడొందల ఏళ్లది. రోలు తెస్తే మూడొందల ఏళ్లది. ఒకసారి గోడ గడియారం తెచ్చారు, అదీ అంతే. బొగ్గుల ఇస్త్రీపెట్టె తెచ్చినరోజు నేను ఉండబట్టలేక, "పటేల్ సాబ్, అప్పట్లో ఇస్త్రీ బట్టలు ఎవరు కట్టుకున్నరు?" అన్నాను. ఆయన ఏమీ తడుముకోలేదు. "గందుకే గద మేడం, గింత కొత్తగున్నది. ఎవ్వలు వాడలే."

క్యూరేటర్ పనిలో సగం వద్దనడమే. మనిషి మనసు కష్టపెట్టకుండా వద్దనడం రెండో సగం. ఈ రెండూ నాకు పటేల్ సాబ్ మీదే అభ్యాసమయ్యాయి. ఇస్త్రీపెట్టె ఇప్పటికీ మ్యూజియంలోనే ఉంది. నేను కూర్చున్న గదిలో కాగితాల మీద బరువుకు పెట్టి వచ్చాను.

బంగళాలో వెనక వైపు హాలు ఒకటి ఖాళీగా ఉండేది. అందులో మన ప్రాంతపు పాత ఇల్లు ఒకటి, దర్వాజతో దూలాలతో సహా తెచ్చి నిలబెట్టాలని నా కోరిక. పటేల్ సాబ్ వెంటనే ఒక ఇల్లు చెప్పారు. బోధన్ దగ్గర పల్లెలో ఆయనకు తెలిసినవాళ్లది. కొడుకులు దాన్ని తీసేసి స్లాబు వేసుకోబోతున్నారు. ఆ ఇంటి పెద్ద రాజవ్వ.

టేపు చప్పుడు

ఇల్లు చూడగానే నచ్చింది. ముందు వసారాలాంటి దలాను, దాన్ని మోసే నల్లబడిన టేకు మొగురాలు, మధ్యలో గచ్చు వాకిలి. చుట్టూ చెరకు. చాయ్ కూడా సరైన వరుసలోనే వచ్చింది. కొడుకులు ఇద్దరూ మంచివాళ్లు. "తీస్కపోండ్రి మేడం, మాకు పొయ్యిలకే పోతుండె" అన్నారు.

టేపు సంచిలోనే ఉంచమని పిల్లలకు జీపులోనే చెప్పాను. చెప్పిన మాట విన్న విద్యార్థి ఇంకా పుట్టాల్సే ఉంది. దలాను చివర ఒకరు టేపు సర్రున లాగారు. రాజవ్వ చాయ్ గ్లాసుల పళ్లెం కింద పెట్టి, వచ్చి గడప మీద అడ్డంగా కూర్చుంది.

"కొలువకుండ్రి" అంది.

"అవ్వా, వీళ్లు సర్కారోళ్లు గాదే" అన్నాడు పెద్ద కొడుకు.

"ఎవలైతేంది. టేపు తీసినంక ఇల్లు ఉండదు."

"ఇల్లు మనమే తీసేస్తున్నం గదనే."

"మీరు తీసేస్తె మీ ఇష్టం. నా ముంగట కొలువకుండ్రి."

పిల్లలను బయటికి పంపి నేనూ గడప పక్కన కూర్చున్నాను. ఆమె నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. అప్పుడు చెప్పింది తన సంగతి.

ఆమె పుట్టిన ఊరు గోదావరి ఒడ్డున, పోచంపాడ్ కట్టకు ఎగువన. ఇప్పుడు నీళ్ల కింద ఉంది. ఆ కట్ట కడుతున్నప్పుడు సర్కారువాళ్లు టేపులు పట్టుకుని వచ్చి ఇళ్లు కొలిచారు. నీళ్లు వచ్చేలోపల కర్ర వృథాగా పోకూడదని ఊరివాళ్లు ఎవరి ఇల్లు వాళ్లే విప్పుకున్నారు. వాళ్ల ఇల్లు విప్పింది ఆమె అన్న గంగారాం. అప్పుడప్పుడే మీసం వస్తున్న వయసు. పైకెక్కి పెంకులు దించాడు, వాసాలు ఊడబీకాడు, ఆఖరున దర్వాజ పీకాడు. కింద తల్లి నిలబడి ఏడుస్తూనే ఉందట. కొత్త కాలనీలో రేకుల కొట్టం వేసుకున్నాక, ఆ ఎండాకాలమే రాజవ్వకు పెళ్లి చేశారు.

"పెండ్లయిన ఆడివిల్ల తల్లిగారింటికి పోతె ఎట్లుంటదో నాకెర్కలేదు మేడం. పోయిన గని, రేకుల కొట్టంలకు పోయిన. గా ఇంటికి పోలే. మా అన్న గడప కాడికచ్చి, రా చెల్లె అనలే."

"ఇప్పుడు అన్న ఎక్కడ ఉంటడక్కా?"

"ఆర్మూర్ దిక్కు, గదే కాలనీల. మంచిగనే మాట్లాడ్తడు. గా ఇంటి ముచ్చట తీస్తె మాత్రం లేచి పోతడు. ఇన్నేండ్లల్ల ఒక్కనాడు తియ్యలే. పానం బాగుంటలేదాయనకు. గా ఇంట్ల పుట్టినోళ్లం మేమిద్దరమే మిగిలినం." గడప మీద చేత్తో రాస్తూ, "ఒక్కసారి గా ఇంట్లకు నన్ను పిలవాలె. గంతే నాకు" అంది.

ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు ఆ ఊరి గుడి బయటపడుతుంది. జనం పోయి ఫోటోలు దిగుతారు. రాజవ్వా ఒకసారి పోయి చూసి వచ్చింది. గుడి రాతిది, నిలబడింది. ఇల్లు మట్టిది, కరిగిపోయింది. మేము చెప్పే చరిత్రలో గుళ్లు తప్ప ఇళ్లు ఎందుకు ఉండవో నాకు అంత తేటగా ఎప్పుడూ తెలిసిరాలేదు. చాలా సిగ్గేసింది.

లేచేముందు ఆమె అడిగింది.

"మ్యూజియం అంటె పాత ఇల్లు పెడ్తరా?"

"పెడతమక్కా."

"అయితె మా తల్లిగారిల్లు పెట్టుండ్రి."

"అది నీళ్లల్ల ఉంది గద."

"గందుకే జెప్తున్న. ఇది కండ్ల ముంగట్నే ఉన్నది, దీన్ని పెట్టుడెందుకు?"

ఆమె నాకేదో గొప్ప సిద్ధాంతం చెప్పిందని రాసుకోకండి, పిల్లలూ. ఆమెకు మ్యూజియంతో పనిలేదు. అన్న కావాలి. కానీ ఇన్నేళ్ల నా ఉద్యోగంలో నన్ను ఒక ఇల్లు కావాలని అడిగిన మనిషి ఆమె ఒక్కతే. మిగతా అందరూ నేను అడిగితే ఇచ్చినవాళ్లే. కాదనలేకపోయాను.

గుండుసున్నా రావాల్సిన ప్లాను

పటేల్ సాబ్‌ను మునిగిన ఆ ఇంటిని రాజవ్వ చేతే వెనక హాలు నేల మీద ముగ్గుతో గీయిద్దామని ఒప్పించడానికి చాలా చాయ్‌లు ఖర్చయ్యాయి.

"దర్వాజ లేదు, దూలం లేదు. టికెట్ దీస్కొని అచ్చినోడు ఏం జూడాలె మేడం? నేల జూడాల్నా?"

"నేలనే, పటేల్ సాబ్."

"వాని ఇంటికాడ నేల లేదా?"

ఇంకో చాయ్ తెప్పించాను. చివరికి, ముగ్గే కాబట్టి నచ్చకపోతే తుడిచేయొచ్చని ఒప్పుకున్నారు. ముగ్గుపిండి బస్తా కూడా ఆయనే పంపారు. ఒక్క ఇంటికి అంత పిండి ఎందుకో ఆయనకే తెలియాలి.

రాజవ్వ కొంగు బిగించి వచ్చింది. హాలు నేల మీద, లోపల మనిషి తిరిగేటట్టు నిజం ఇల్లంత బొమ్మ గీసింది. గోడకు గీత, దర్వాజకు ఖాళీ. పిల్లలు చుట్టూ నిలబడి గుసగుసలు మొదలుపెట్టారు. వాళ్లను ఏమీ అనలేను. ఆ ప్లానుకు నేనైతే గుండుసున్నా వేసేదాన్ని. వంటిల్లు పెళ్లి పందిరంత ఉంది. నాయిన కూర్చునే దలాను మనిషి పడుకుంటే కాళ్లు బయటికి వచ్చేంత సన్నం. బర్రెల కొట్టంలో ఒక్కో బర్రెకు వేరువేరుగా చోటు, పేర్లతో సహా. బావి మరిచేపోయింది.

ఒక అమ్మాయి టేపు తెచ్చి, "కనీసం వంటిల్లు దిద్దుదామా మేడం?" అంది. వద్దన్నాను. తప్పును తప్పనడం నా వృత్తి, అది తప్పే. కానీ దాన్ని దిద్దగల మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆయన రావాలి. మీకు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి బొమ్మ ఎదురవుతుంది. అప్పుడు చేతులు కట్టుకుని నిలబడడం నేర్చుకోండి. మా పెద్ద సార్ భాషలో చెప్పాలంటే, మళ్లీ చూడండి.

తూర్పు దర్వాజ

గంగారాంను తేవడం రాజవ్వ పెద్ద కొడుకు పని. నిజం చెబితే రాడని, కళ్ల డాక్టర్‌కు చూపిస్తానని ఆటోలో ఎక్కించుకుని వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డ పటేల్ సాబ్‌ను చూసి గంగారాం, "సారూ, ఈ ఎడమ కన్ను జెర్ర మసక కనవడ్తది" అన్నాడు. పటేల్ సాబ్ కంగారుగా నా వైపు చూసి, కాదనలేక, ఆయన కంట్లోకి తొంగి చూశారు. "మంచిగనే ఉన్నది" అని కూడా చెప్పారు.

వెనక హాలులోకి వచ్చాక గంగారాం నేల చూశాడు. ముగ్గు అవతల చెల్లెలు నిలబడి ఉంది. ఆయనకు అర్థమైంది. తువ్వాలతో మూతి తుడుచుకుని, "పారా, పోదాం" అని మేనల్లుడి భుజం పట్టుకుని వెనక్కి తిరిగాడు.

ఇంత చేసి, ఈ మనిషిని అబద్ధమాడి తెప్పించి బాధపెట్టామా అనుకున్నాను. రాజవ్వ మాత్రం ఆయన్ను పిలవలేదు. నాతో గట్టిగా అంది.

"మా అన్న అన్నీ మరిచిపోయిండు మేడం. గందుకే నేనే గీసిన. ఇగో, దర్వాజ ఉత్తరం దిక్కుండె."

గంగారాం ఆగాడు.

"ఎవలు మరిచిపోయిండ్రు? దర్వాజ తూర్పుకుండె."

"ఉత్తరమే."

"తూర్పు అంటుంటె!"

"నువ్వు సూసినవా?"

"నేను పీకిన దర్వాజ నాకెర్కలేదానే?"

ఆయన నోటినుంచి ఆ ఇంటి మాట రావడం చెల్లెలు వినడం అదే మొదలు. రాజవ్వ ఉత్తరం అన్నది మరిచిపోయి అన్నదో, కావాలని అన్నదో నాకు ఈనాటికీ తెలియదు. అడిగితే నవ్వి ఊరుకుంటుంది.

గంగారాం వచ్చి వంగి, తూర్పు గోడ గీతను తువ్వాలతో తుడిచాడు. వేళ్లతో పిండి తీసి ఉత్తరం ఖాళీని మూసేశాడు. కొత్త దర్వాజకు అడుగున సన్నగా గడప గీత గీశాడు. "వంటిల్లు గింత పెద్దగ ఏడుండె? ఎడ్లబండి పట్టేటంత జేసినవ్" అని తిట్టాడు. "బాయేది? బాయి లేకుంట నీళ్లు ఏడికెళ్లి తెస్తుంటివే?" అని ఇంకోసారి తిట్టాడు. రాజవ్వ చుట్టూ తిరిగి వచ్చి తూర్పు దర్వాజ బయట నిలబడింది, చెప్పులు విడిచి, కొంగు భుజం మీదుగా కప్పుకుని.

గంగారాం లేచి నిలబడి, ఆ దర్వాజలోంచి లోపలికి నడిచాడు. నడుస్తూ తల వంచాడు. ఆ కాలపు దర్వాజలు ఎత్తు తక్కువ, వంగకుండా పోతే నొసలు తగులుతుంది. పైన ఏమీ లేదు, హాలు కప్పు ఎక్కడో ఉంది. ఆయన తల వంచే వెళ్లాడు. నాకు ఏడుపొచ్చింది. పటేల్ సాబ్ నాకంటే ముందే ఏడుస్తున్నారు.

లోపల నాలుగడుగులు వేసి ఆయన వెనక్కి తిరిగాడు. చెల్లెలు గీత బయటే ఉంది.

"గాడనే నిలవడ్డవేంది చెల్లె? రా. లోపలికి రా."

"కాళ్లకు నీళ్లియ్యవా అన్నా?"

ఆయన బిత్తరపోయి అటూ ఇటూ చూశాడు. పటేల్ సాబ్ ముక్కు తుడుచుకుంటూ ఆఫీసు గదిలోకి పరుగెత్తి, నీళ్ల జగ్గు తెచ్చి ఆయన చేతికిచ్చారు. గంగారాం గడప దాకా వచ్చి వంగి చెల్లెలి కాళ్ల మీద నీళ్లు పోశాడు. ఆయన గీసిన గడప తడిసి కొట్టుకుపోయింది. రాజవ్వ తల వంచి లోపలికి వెళ్లింది.